మేత డబ్బా కాస్త దూరంగా

అమ్మా, నేను కులాసా, దగ్గు తగ్గింది, దిగులు పెట్టుకోకు.

ఇక్కడ షెడ్డులో బ్రాయిలర్ కోళ్లు కొన్ని లేవలేక చతికిలబడ్డాయి. జాలేసి మేత డబ్బా వాటి ముక్కు కిందికే జరిపాను. కూర్చున్నచోటే తిని ఇంకా బరువెక్కాయి. పశువుల డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. “ఒళ్లు పెరిగినంత తొందరగా ఎముక గట్టిపడదమ్మా. మేత తగ్గించి కాల్షియం పొడి కలుపు. డబ్బా దూరంగా పెట్టు, ఆకలేస్తే అవే లేస్తాయి” అంది. చాలావరకు లేచాయి. లేవనివాటిని నేనే ఎత్తి నీళ్ల దగ్గర దింపుతున్నాను.

నా బొద్దుపాప ఏడాది దాటినా అడుగెయ్యలేదని రాశావు. ఇంకా చంకనేసుకునే తినిపిస్తున్నావా? అది కోడి కాదు, తిండి తగ్గించమనను. గిన్నె మాత్రం నాలుగడుగుల అవతల పెట్టుకుని పిలువు. పడితే పట్టుకోడానికి నువ్వున్నావుగా. గౌను పొట్టయిందా? కొలత పంపు. నాన్నకు మందులు మానొద్దని చెప్పు.

నేను చూడకుండా నడిచేస్తే నా మనసు చివుక్కుమంటుందని దాన్ని ఆపకు. నడిచిన రోజున పాదానికి సిరా పూసి కార్డు మీద అద్ది పంపు. రాత అక్కర్లేదు.

నీ కూతురు