లిస్టులో ఐదోది

మార్చి 3, ఉదయం 11.15
ఆఫీసు నుంచి మెయిల్. ఇంటి వైఫైకి గట్టి ఎన్‌క్రిప్షన్ లేకపోతే పేషెంట్ల రిపోర్టులు ఇకపై టైపింగుకు పంపరట. రూటర్ పేజీ తెరిచాను. పెట్టిన నాటి నుంచి అదే పాస్‌వర్డ్. మా ఇంట్లో ఫోన్లు మూడు, కంప్యూటర్ ఒకటి. వైఫైకి కలిసిన వాటి లిస్టులో ఐదున్నాయి.
ఆ ఐదోది ఎవరిది?

మార్చి 4
డబ్ల్యూపీఏ-3 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పెట్టాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను. వైఫైకి ఇరవై అక్షరాల కొత్త పాస్‌వర్డ్. మా ఆయన ఫోన్లో, అత్తయ్య ఫోన్లో నేనే కొట్టి ఇచ్చాను, ఎవరికీ చెప్పలేదు. ఇక చీమ కూడా దూరదు.

మార్చి 5, ఉదయం 11.10
దూరింది.

మార్చి 6
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఆయన్ని అడిగాను. నన్నే అనుమానిస్తున్నావా అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. అంత కోపం దేనికి? స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు. సిగ్గేసింది. అనుమానం మాత్రం పోలేదు.

మార్చి 9
రోజూ సరిగ్గా పదకొండుకు వస్తుంది, పదకొండున్నరకు పోతుంది. అత్తయ్య బట్టలు ఆరేయడానికి పైకి వెళ్లేదీ అప్పుడే. ఈరోజు ఉతికిన బట్టలే లేవు. అయినా వెళ్లింది.

మార్చి 10
ఐదోదాన్ని బ్లాక్ చేశాను. పది నిమిషాల్లో అత్తయ్య దిగొచ్చి నెట్ పోయిందా అని అడిగింది. ఆవిడ ఫోన్ చూస్తే టేబుల్ మీదే ఉంది. దొరికిపోయింది.
పై వాటాలో అద్దెకున్న అమ్మాయిదట ఆ ఫోను. అత్తయ్యే తన ఫోన్లో క్యూఆర్ కోడ్ తీసి కలిపిందట. మొగుడు రోజూ సిమ్ తీసి జేబులో వేసుకుని పనికి పోతాడట. వైఫై ఉంటేనే వాళ్లక్కతో అరగంట మాట్లాడుకోగలదట. నా ఉద్యోగం ఏం కావాలని గొంతు పెంచాను. అత్తయ్య ఒక్కటే అంది:
“నీ పనికి తాళం వేసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? ఆ పిల్ల నోటిక్కూడా వెయ్యాలా?”
ఇదంతా కట్టుకథేమో అని కూడా అనిపించింది.

మార్చి 11
పైకి వెళ్లాను. తలుపు సగమే తీసింది. “నావల్ల మీకేమైనా ఇబ్బందయిందా అక్కా?” అంది. నేనింకా ఏమీ అడగనేలేదు. ఫోన్ చూపించమన్నాను. సిమ్ ఉండాల్సిన చోటు ఖాళీ.
దిగొచ్చి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టాను. దాని పాస్‌వర్డ్ వేరు. అందులోంచి నా కంప్యూటర్ కనబడదు. చీటీ రాసి అత్తయ్య చేతికిచ్చాను. కాసేపటికి పైనుంచి నవ్వు వినిపించింది. ఏడాదిగా ఆ ఇంట్లో నవ్వు వినడం ఇదే మొదలు.

మార్చి 19
వాళ్లక్క టాక్సీలో వచ్చి ఆ అమ్మాయిని తీసుకెళ్లింది. రెండు సంచులు, అంతే. అత్తయ్య గేటు దాకా వెళ్లింది.

మార్చి 20
ఆ అమ్మాయి మొగుడు వచ్చాడు. ఎవరి ఫోన్ ఎప్పుడు కలిసిందో రూటర్లో ఉంటుందట, చూపించమన్నాడు. ఇవన్నీ నాకేం తెలుసండీ, ఆడదాన్ని అన్నాను.
అతను మెట్లెక్కేలోపు లాగ్ మొత్తం తుడిచేశాను.