లంగరు మోటారుకి ఏ లోపమూ లేదు

చిన్నారికి,

నాన్న దీవెనలు. నేను క్షేమం. "ఇక్కడ అందరం క్షేమం" అని చెయ్యి అలవాటుగా రాసేసింది. ఆ కాగితం చించి మళ్లీ మొదలుపెట్టాను.

నీ ఉత్తరం అందింది. బి.పి. మాత్రలు వేసుకుంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు డబ్బా మీద అమ్మ "పంచదార" అని ఎందుకు రాసుకుందో ఇప్పటికీ తెలియలేదు. అమ్మ చీరలు బీరువాలోనే ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. ఇవ్వను.

పడవ అమ్మేశావా అని అడిగావు. లేదు. విచారణ అయ్యేదాకా అమ్మకూడదు. నువ్వు కరెంటు మేస్త్రి మీద పెట్టిన ఫిర్యాదు సోమవారం విచారణకు వస్తోంది. లంగరు ఎత్తే మోటారుకి అతను వైర్లు తారుమారుగా కలిపాడనీ, పైకి రావాల్సిన గొలుసు అందుకే కిందికి పరిగెత్తి అమ్మను నీళ్లలోకి లాక్కుపోయిందనీ రాశావు. అది నిజమని తేలితే అతని లైసెన్సు పోతుంది. రేవులో ఇప్పటికే ఎవరూ అతన్ని పనికి పిలవడం లేదు. నిన్న మొన్నటిదాకా అతనితో కలిసి టీ తాగినవాళ్లు ఇప్పుడు అతన్ని చూసి బెంచీ మారుతున్నారు.

నిన్న మోటారు నేనే పరీక్షించాను. మేస్త్రిని రమ్మన్నాను. వచ్చి గట్టు మీదే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"ఎక్కు మేస్త్రీ," అన్నాను.

"ఎక్కను సార్. ముట్టుకుంటే ఏదో మార్చేశానంటుంది మీ అమ్మాయి. మీరు విప్పండి. నేనిక్కడ నిలబడి తిడతాను."

అన్నంత పనీ చేశాడు. నేను మీటరు వైర్లు అటుది ఇటు పెట్టేసరికి అంకె ముందు మైనస్ వచ్చింది.

"తిప్పి పెట్టండి సార్. ఆ మైనస్ చూసి నన్ను జైల్లో వేస్తారు."

తిప్పి పెట్టాను. బ్యాటరీ నిండుగా ఉంది. బ్రేకరు బాగుంది. రిమోట్ ప్లగ్గులో తుప్పు లేదు. పై బటన్ నొక్కితే రిలే టక్కుమంది, గొలుసు లోపలికి వచ్చింది. కింది బటన్ నొక్కితే బయటికి పోయింది. వేలు తీస్తే ఆగింది.

"ఆగిందా?"

"ఆగింది."

"మళ్లీ నొక్కండి. ఈమధ్య నాకు వినిపించిన మంచి చప్పుడు ఇదొక్కటే."

మళ్లీ నొక్కాను. మళ్లీ ఆగింది. అప్పుడతను జేబుల్లోంచి చేతులు తీశాడు. "మరి ఆ రోజెందుకు ఆగలేదు సార్?" అన్నాడు.

మీటరు సర్దేసుకున్నాను. ఎందుకో నాకు తెలుసు.

ఆ రిమోట్ నీకు గుర్తుందా? ఎండకి బటన్ల మీద బాణం గుర్తులు చెరిగిపోయాయి. అమ్మ తికమక పడుతోందని కిందటి సెలవుల్లో నువ్వు రెండు కాగితం ముక్కలు కోసి అంటించావు, పైన టేపు వేసి. నీ గుండ్రటి అక్షరాల్లో ఒకటి "ఎత్తు", రెండోది "వదులు". అమ్మ వాటిని చూసి, "ఇలాంటిది మీ నాన్నకొకటి అంటించవే, ఎక్కడ నొక్కితే నోరు మూస్తారో తెలుస్తుంది," అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నం లంగరు ఎత్తుతున్నాం. అమ్మ పడవ ముందు భాగంలో రిమోట్ పట్టుకుని నిలబడింది. నేను వెనక చుక్కాని దగ్గరున్నాను. గొలుసు పడాల్సిన అర నిండిపోయి, వచ్చిన గొలుసు వచ్చినట్టే ఆమె చుట్టూ చుట్టలు పడుతోంది. ఒక చుట్టలో ఆమె కాలుంది. అది నాకు కనిపించింది, ఆమెకు కనిపించలేదు. బటన్ మీంచి వేలు తీస్తే చాలు, మోటారు ఆగిపోయేది. మామూలుగా "ఆపు" అనేవాణ్ణి. ఆ రోజు నోట్లోంచి "వదులు" అని వచ్చింది.

బటన్ వదలమని నా ఉద్దేశం. ఆమె చేతిలో వదులు అని రాసి ఉన్న బటన్ ఉంది.

అది నొక్కింది. గొలుసు బయటికి పోయింది, చుట్ట బిగిసింది. పడుతున్నప్పుడు కూడా రిమోట్ ఆమె పిడికిట్లోనే ఉంది. వేలు తియ్యలేదు. నేను చెప్పింది చేస్తూనే ఉంది. మెయిన్ స్విచ్ దాకా పరిగెత్తి ఆపేసరికి ముందు డెక్కు మీద ఎవరూ లేరు.

గొలుసు వెనక్కి తిరిగిందని మాత్రం నీకు చెప్పాను. మిగతాది నువ్వు అల్లుకున్నావు. నేను కాదనలేదు. ఒకడి కూడు పోతుంటే చూస్తూ ఊరుకున్నాను, నీకు నిద్ర పట్టాలని.

నేరం నా అరుపుదేనని చెప్పి నిన్ను తప్పిద్దామని చూశాను. కుదరదు. వదులు అంటే ఆవిడ ఆ బటన్ ఎందుకు నొక్కిందని అడుగుతారు. రిమోట్ చూపించాలి. రాత ఎవరిదని అడుగుతారు. అందుకే ఆ కాగితాలు ఊడదీయలేదు. ఫిర్యాదు నువ్వే వెనక్కి తీసుకుంటే మంచిది. తీసుకోకపోయినా సోమవారం నేను వెళ్తాను. నువ్వు బాధపడతావని తెలుసు. పడు. మేస్త్రి ఏ తప్పూ చెయ్యకుండా పడుతున్నాడు.

అమ్మ చివరగా ఏమైనా అందా అని మళ్లీ అడిగావు. ఏమీ అనలేదని ఇదివరకు రాశాను. అంది. నావైపు తిరిగి, విసుగ్గా, "వదులుతున్నాగా, అరుస్తారెందుకు," అంది.

ఇట్లు,
అరిచిన
మీ నాన్న