గాలి ఎటుందని అడిగావు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బడిపిల్లలకు చూపించదగ్గ పర్యావరణం డాక్యుమెంటరీలు ఏరి పెట్టమని మన ఊరి లైబ్రేరియన్ గారు నాకు అప్పజెప్పారు. ఒక్కొక్కటీ చూసి, ఎందుకు చూపించాలో పక్కన రాస్తున్నాను.

ఈ మధ్యాహ్నం నాలుగోది పెట్టాను. మిరపచేలో మందు కొడుతూ నువ్వు కనిపించావు. అప్పట్లో మన ఊరికి కెమెరాతో వచ్చినవాళ్లు తీసిందే. ఇటు తిరిగి, "అక్కా, గాలి ఎటుందే?" అన్నావు. నేను కుర్చీలోంచి లేచి కిటికీ తెర వంక చూశాను. అది కదలడం లేదు.

అంతలో టీవీలోంచి నా గొంతే వినిపించింది. "నీ వెనకనుంచేలేరా, కానియ్! అన్నం చల్లారిపోతోంది."

గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూడకుండానే చెప్పాను. తెల్లటి మందు ఎదురుతిరిగి నీ మొహాన్ని కప్పేసింది. "అబద్ధాలకోరువే అక్కా!" అని దగ్గుతూ నవ్వావు.

నాకా మాట అన్న గుర్తే లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పాను. మూడుసార్లూ అదే చెప్పాను.

ఫోన్ చేసి సంగతి చెబితే లైబ్రేరియన్ గారు, "అది తీసేద్దాం లెండమ్మా, మీకెందుకా బాధ," అన్నారు.

"ఉంచండి," అన్నాను.

జాబితాలో దాన్నే మొదట రాశాను. ఎందుకు చూపించాలి అన్నచోట ఇలా రాశాను: ‘గాలి చూడకుండా జవాబు చెప్పిన గొంతు నాది. బొమ్మ అయ్యాక పిల్లలతో నేనే మాట్లాడతాను.’

మీ అక్క