సమ్మతి పత్రంలో లేని దెబ్బ

గుంటూరు,
18 ఫిబ్రవరి 2007.

హారీ, నా బంగారం,

బూత్ నుంచి చేస్తే, ఫోన్లో ఏడవకుండా జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నావు కదా, రాస్తున్నాను. నా సెల్లు ప్రేమ్‌చంద్ ఇంటి గచ్చు మీద ముక్కలైపోయింది, ఇక ఉత్తరమే గతి.

సాయిలక్ష్మి గురించి నీకెప్పుడూ చెప్పినట్టు లేను. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ప్రేమ్‌చంద్ భార్య. లక్ష్మీపురంలో ఇల్లు. కాన్పు తర్వాత ఒళ్ళు చేసిందని, తగ్గించమని ఆయనే నన్ను పిలిపించాడు. నువ్వు రాసిచ్చిన సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకున్నాకే పని మొదలుపెట్టాను. ఒంట్లో ఏ జబ్బూ దాచలేదని, వ్యాయామంలో దెబ్బ తగిలితే తనదే బాధ్యతని, అంతా చదివే పెట్టింది. మొదట్లో చిన్న డంబెల్ ఎత్తడానికే రొప్పేది. చలికాలం వెళ్ళేసరికి నా పక్కన నిలబడి బరువుల బార్ ఎత్తింది. ఎత్తాక తన చేతులు తనే చూసుకుని నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికే పొద్దున్నే అంత దూరం సైకిల్ తొక్కేదాన్ని. భుజాల మీద కమిలిన మచ్చలుండేవి. అడిగితే మాట మార్చేసేది.

మొన్న గురువారం వెళ్ళేసరికి నాకోసం కాచుకుని ఉంది. కళ్ళు వెలుగుతున్నాయి. "అంకమ్మా, రాత్రి కొట్టబోతే ఆయన చెయ్యి పట్టుకున్నా. విడిపించుకోలేకపోయాడు" అని చెవిలో చెప్పింది. నేను సంతోషించాను హారీ. పిచ్చిదానిలా సంతోషించాను.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, వాడు లోపలికొచ్చాడు. "ఏంటే, బలమొచ్చిందా? ఏదీ, ఏ చేత్తో పట్టుకున్నావ్?" అన్నాడు. జుట్టు పట్టుకుని కింద పడేశాడు. ఆమె కుడి చెయ్యి గుమ్మం మీదికి లాగి, అరచేతి మీద కాలేసి తొక్కిపట్టి, నా డంబెల్ తీసుకుని మోచేతి కింద కొట్టాడు. ఒక్కసారి కాదు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆమె అరవలేదు, నోరు తెరిచి ఉండిపోయింది. నేను వాణ్ణి నడుం దగ్గర పట్టి ఎత్తి, అద్దాల బీరువా మీదికి విసిరేశాను. నుదురు చీలింది. ఆమె అత్త వెంకటరావమ్మ గుమ్మం అవతల నిలబడి అంతా చూసింది. కోడలి చెయ్యి విరుగుతుంటే పలకని మనిషి, కొడుకు నుదుటి మీద రక్తం చూడగానే "మా వాణ్ణి చంపేస్తోందిరో" అని వీధంతా వినపడేలా అరిచింది. ఆసుపత్రికి ఫోన్ చెయ్యబోతే వాడు సెల్లు లాక్కుని నేలకేసి కొట్టాడు.

నర్సింగ్ హోములో డాక్టరుతో వాడేం చెప్పాడో తెలుసా? వ్యాయామం చేస్తుంటే బార్ జారి పడిందన్నాడు. సాయంత్రం నుదుటికి కట్టుతో నా గదికొచ్చాడు. "చూడు అంకమ్మా, నీ చేతిలోంచి బార్ జారి దాని మీద పడిందని రాసియ్యి. దెబ్బ తగిలితే తనదే బాధ్యతని అది సంతకం పెట్టిందిగా, నిన్నెవడేం చేస్తాడు? రాయలేదనుకో, ఇంట్లో దూరి నా తల పగలగొట్టావని కేసు పెడతా. వాడరేవులో చేపలు ఎండేసుకునేదానివి, ఈ ఊళ్ళో ఒక్క గడప తొక్కలేవు" అన్నాడు.

ఆ కాగితం నన్ను కాపాడాలంటే నేను అబద్ధం చెప్పాలట. ఇదేం కాగితమే?

నీ
అంకి

*

చీరాల,
21 ఫిబ్రవరి 2007.

అంకీ,

నీ ఉత్తరం చదివి అన్నం మానేశాను. ముందు ఈ సంగతి బుర్రలో పెట్టుకో. నేను రాసిచ్చిన పత్రం వ్యాయామంలో మామూలుగా జరిగే వాటికే. కండరం పట్టేయడం, కాలు బెణకడం, అలాంటివి. నీ చేతిలోంచి బార్ జారి ఆమె చెయ్యి విరిగిందని నువ్వే రాసిస్తే అది నీ నిర్లక్ష్యం కింద లెక్క. దానికి ఏ పత్రమూ అడ్డురాదు. కేసు నీ మీదే కడతారు. వాడికిది తెలియక కాదు, నీకు తెలియదన్న ధీమాతో అలా చెప్పాడు. గుమ్మంలో వాడు చేసినదానికీ నీ పత్రానికీ సంబంధమే లేదు, అది నేరం. ఎక్కడా సంతకం పెట్టకు. నేను వాదించే కేసొకటి ఒంగోలు కోర్టులో వాయిదా ఉంది, అది కాగానే వస్తాను. అందాకా గదిలో ఒక్కదానివే ఉండకు.

నీ
హారిక

*

గుంటూరు,
25 ఫిబ్రవరి 2007.

హారీ,

తిట్టు, కొట్టు, నేను సంతకం పెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ముగ్గురొచ్చారు. యార్డులో బస్తాలు మోయించే మేస్త్రీలట, మిర్చి ఘాటు వాళ్ళకంటే ముందే గదిలోకి వచ్చింది. నేనూ ఊరుకోలేదు, ఒకడి దవడ పగిలింది. మిగతా ఇద్దరూ నా ఎడమ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశారు. తీసి మళ్ళీ వేశారు. "కుడిచెయ్యి జోలికెళ్ళకండ్రా, సంతకానికి కావాలి" అన్నాడు దవడ పగిలినవాడు, రక్తం ఉమ్ముతూ. ఇంటావిడ అమీర్‌బీ రోకలి పట్టుకుని మెట్లెక్కి రాకపోతే ఇంకేం చేసేవాళ్ళో. "నా ఇంట్లో ఆడపిల్ల మీద చెయ్యేస్తారా, మీ తలకాయలు పగలగొడతా" అంటూ వీధి చివరిదాకా తరిమింది. ఆ తర్వాత నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మూడు వేళ్ళు నలిగిపోయాయి.

అయినా సంతకం దానికి భయపడి కాదు. పొద్దున వెంకటరావమ్మ వచ్చింది. "సాయిలక్ష్మే అడగమందమ్మా. నువ్వు రాసిస్తే మా వాడు దాన్నీ పిల్లనీ ఇంటికి తీసుకెళ్తాడు. లేకపోతే పసిగుడ్డుని దానికి దూరం చేస్తాడు. నీకు దణ్ణం పెడతానంది" అని చెప్పింది. నాకు వచ్చిన విద్య ఆమెకు నేర్పాను, దాని వల్లే ఆమె చెయ్యి విరిగింది. ఇప్పుడు పిల్ల కూడా పోతే నేను బతకలేను. కేసు పడితే పడనీ.

రేపు హెడ్ కానిస్టేబుల్ నర్సింగ్ హోముకి వస్తాడట. అక్కడే రాసిస్తాను. నన్ను క్షమించు.

అంకి

*

గుంటూరు,
10 జూన్ 2007.

హారీ, నా తల్లీ,

ఆ రోజు నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత స్టేషన్లు, కోర్టులు, కట్లు, వీటి మధ్య నర్సింగ్ హోము గదిలో ఏం జరిగిందో నీకు తీరిగ్గా చెప్పనేలేదు.

నేను వెళ్ళేసరికి ప్రేమ్‌చంద్ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్ వాడు తెప్పించిన టీ తాగుతున్నాడు. సాయిలక్ష్మి చెయ్యి భుజం దాకా పిండికట్టులో ఉంది. కాగితం ముందే రాసి ఉంది, నేను చెయ్యాల్సింది సంతకం ఒక్కటే. పెన్ను తీసుకున్నాను. కాగితం కదలకుండా పట్టుకోవడానికి ఎడమ చెయ్యి కొంగులోంచి తీశాను.

ఆమె ఆ కట్టు చూసింది.

"నీ చేతికేమైంది అంకమ్మా?"

"తలుపులో పడింది మేడమ్."

"ఎవరు వేశారు ఆ తలుపు?"

నేను పెన్ను మూత తీశాను. "అవన్నీ నీకెందుకు, బార్ జారిందని అయ్యగారికి చెప్పు" అని వాడు ఆమె మంచం మీదికి వంగాడు.

"నువ్వెందుకు రాసిస్తున్నావు?" అని మళ్ళీ నన్నే అడిగింది.

"మీరు అడగమన్నారని మీ అత్తగారు..."

"నేనేమీ అడగమనలేదు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నువ్వీ సంతకం పెడితే, రేపు నన్ను చంపేసి కూడా కసరత్తులో పోయిందంటాడు. రాసుకోండి సార్. మా ఆయనే కొట్టాడు. కాలేసి తొక్కిపట్టి కొట్టాడు."

వాడు పోలీసు ఉన్నాడని కూడా చూడలేదు. ఆ పిండికట్టు చెయ్యి పట్టుకుని ఆమెను మంచం మీంచి ఈడ్చేశాడు. అప్పుడు అరిచింది హారీ, ఆ మొదటిరోజు అరవాల్సిన అరుపు కూడా కలిపి అరిచింది. నర్సులూ, పక్క గదుల్లో వాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. నేను వాడి మెడ చుట్టూ మోచెయ్యి వేసి గోడకి అదిమిపట్టాను. వాడు నా ముంజేతిని కొరికాడు, కండ ఊడొచ్చింది. అయినా వదల్లేదు. అంతమంది చూస్తుండగా టీ గ్లాసు పక్కన పెట్టక తప్పలేదు హెడ్ కానిస్టేబుల్‌కి.

వాడు బెయిల్ మీద తిరుగుతున్నాడు. వాడి తల పగలగొట్టానని నా మీద పెట్టిన కేసూ నడుస్తోంది. సాయిలక్ష్మి పిల్లను తీసుకుని సత్తెనపల్లిలో పుట్టింట్లో ఉంది. చెయ్యి వంకరగా అతుక్కుందట. నావి రెండు వేళ్ళు ముడుచుకోవు, ఇక బార్ పట్టలేను. పాత ఇళ్ళవాళ్ళు చాలామంది నన్ను పిలవడం మానేశారు. కేసుల మనిషినట.

నువ్వు పంపిన కొత్త పత్రం అందింది. "వ్యాయామం వల్ల కాని గాయాన్ని వ్యాయామం వల్ల తగిలిందని నేను ఎవరి ముందూ చెప్పను" అన్న వాక్యం నేను అడిగినట్టే చేర్చావు, సంతోషం.

దాన్ని పట్టుకుని నిన్న బ్రాడీపేటలో కొత్తగా నేర్చుకుంటానన్న ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. మొత్తం చదివింది. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది. "ఈ ఒక్క ముక్కా కొట్టేస్తే సంతకం పెడతానమ్మా. మా ఆయన చూస్తారు" అంది. కొట్టెయ్యనన్నాను. కాగితం మడిచి నా చేతికిచ్చేసింది. సరేనని సైకిల్ స్టాండు తీస్తుంటే గేటు దాకా వచ్చింది. అటూ ఇటూ చూసి, "మరి రేపు ఎన్నింటికొస్తావు?" అని మెల్లగా అడిగింది.

సంతకం లేకుండా గడప తొక్కొద్దని నువ్వు తిడతావు. తిట్టు. నేను వెళ్తున్నాను.

నీ
అంకి