నువ్వు అడిగిన బిగువు

చిరంజీవి శ్రీవల్లికి నాన్న దీవెనలు. ఇక్కడ రీడింగ్ ఊళ్ళో అమ్మా నేనూ బాగానే ఉన్నాం. బర్మింగ్‌హామ్‌లో నువ్వు వేళకి తింటున్నావని మీ గిరిజ పిన్ని చెప్పింది, నమ్మాం.

కొట్టు బాగానే నడుస్తోంది. టీవీలో వింబుల్డన్ మొదలైతే చాలు, అందరికీ పాత రాకెట్లు గుర్తొస్తాయి కదా. నిన్న ఒక పెద్దాయన చెక్క రాకెట్ తెచ్చి కొత్త తీగలతో గట్టింగ్ వెయ్యమన్నాడు. బిగిస్తే విరుగుతుంది, గోడకి తగిలించుకోండి అన్నాను. "మా ఆవిడా అదే అంది" అని నవ్వాడు.

తెలుగులో రాస్తున్నానని విసుక్కోకు. అర్థం కాకపోతే పిన్నిని అడుగు. ఇక్కడి నుంచి మాత్రం నువ్వే చదువుకో.

"ఫైనల్ ఆఖరి సెట్టులో బంతులన్నీ గీత దాటి ఎందుకు పడ్డాయి నాన్నా? నా చెయ్యి ఎక్కడ తప్పింది?" అని అడిగావు. గురువారం కౌంటీ జట్టు సెలెక్షన్‌కి రానని కోచ్‌కి చెప్పేశానని కూడా రాశావు. అది చదివాక ఇంక దాచలేను.

ఫైనల్ ముందు రోజు రాకెట్లు రెండూ ఇచ్చి, తీగల బిగువు యాభై రెండు పౌండ్లు పెట్టమన్నావు. నేను నలభై ఎనిమిదే పెట్టాను. సెమీస్ అయ్యాక నువ్వు భుజానికి ఐస్ పెట్టుకుని ఏడుస్తుంటే తలుపు సందులోంచి చూశానమ్మా. తీగలు వదులుగా ఉంటే చేతికి అదురు తగ్గుతుంది. బంతి దూరం పోతుంది, అదీ తెలుసు. గడ్డి కోర్టు మీద ఎంతలే అనుకున్నాను. ఆట ముందు నువ్వు "ఏదో తేడాగా ఉంది నాన్నా" అన్నావు. "కొత్త గట్టింగ్ అంతేనమ్మా" అని అబద్ధం చెప్పాను.

విక్టోరియా రాణి కాలం నుంచి పేర్లు చెక్కుతున్న కప్పు అది. నీ మీద గెలిచిన పిల్ల దాన్ని ఎత్తుతుంటే నువ్వు నీ చేతివైపే చూసుకున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది.

నిన్న అమ్మకి చెప్పాను. "ఊళ్ళోవాళ్ళందరికీ అడిగినంతే బిగిస్తావు. సొంత కూతురు అడిగితే మాత్రం నీకు తెలివి వచ్చిందా?" అంది. మళ్ళీ తనే, "నువ్వు రాస్తావా, నన్ను ఫోన్ చెయ్యమంటావా?" అంది.

నీ చేతిలో ఏ తప్పూ లేదు తల్లీ. గీత దాటిన బంతులన్నీ నావి. కోచ్‌తో కూడా నేనే మాట్లాడాను, గురువారం దాకా నీ పేరు తియ్యనన్నాడు.

పిన్ని వాళ్ళింటికి రెండు స్టాపుల దూరంలో ఒక గట్టింగ్ షాపు ఉంది, అడ్రస్ ఈ కాగితం వెనక రాశాను. అతను మనం చెప్పిన నంబరే పెడతాడట, ఎదురు మాట్లాడడట. రాకెట్లు అక్కడే ఇవ్వు.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ భుజం గురించి తీర్మానించిన
మీ నాన్న రామాంజనేయులు