కుర్మయ్య వెనుక గదికి రాడు

రావల్కోల్,
మంగళవారం

ప్రియమైన మనుమరాలు దీపకు,

మొదలు ఒక దిద్దుబాటు. నిన్న ఫోన్ల నువ్వు మీ అమ్మతోని "అవ్వ పగటిపూట పండుకునేటప్పుడు ఆ లైటు కండ్లల్ల పడ్తదని ప్లగ్గు పీకుతదేమో" అన్నవు. నేను పగటిపూట పండుకోను. మేడ్చల్ బడిల ముప్ఫై ఏండ్లు లెక్కలు చెప్పిన. అన్నం తిన్న తర్వాతి పీరియడ్‌ల పండుకున్నది పిల్లలు, నేను కాదు. ఇగ ప్లగ్గు సంగతి. నేను దాన్ని ముట్టలేదు. లైటు పచ్చగ వెలుగుతనే ఉన్నది. వెలుగుతుంటె నెట్ ఎందుకు లేదన్నది అసలు ప్రశ్న. నువ్వు దానికి జవాబు చెప్పలేక నా మీద నింద వేసినవు.

నాకెట్ల తెలిసిందంటవా? మీ అమ్మ డాబా మీద స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటె, పక్కనే నేను వడియాలు ఎండపోస్తున్న. ఇంట్ల ఫోనుకు సిగ్నలు లేదు, వైఫై అందే ముందరింట్ల అందరి చెవులుంటయ్. డాబా ఎక్కితె మన సంసారం సగం ఊరికి వినవడతది. అందుకే ఈ కాయితం. మల్లేష్ రోజూ కూరగాయల ఆటో నువ్వుండే సుచిత్ర చౌరస్తకు తోలుతడు, అతని చేతికిస్తున్న. జవాబు గూడ అతని చేతనే పంపు.

నువ్వు మొదటి జీతంల కొనిచ్చిన కొత్త రౌటరు ముందరింట్ల దర్జాగ కూసున్నది. అక్కడ మస్తు వేగం. మీ అమ్మ పని చేసేది మాత్రం వెనుక వడ్ల గదిల. ఆ గోడలు మందమెంతో నీకు తెలుసు. రౌటరు నుంచి సిగ్నలు అందుకొని వెనుకకు మోసే ఆ రెండు ప్లగ్గులు, నడవల ఒకటి, గది తలుపు పక్కన ఒకటి, పాత డబ్బాతోని రెండేండ్లు కిమ్మనకుంట పని చేసినయ్. కొత్తది వచ్చిన నాటి నుంచి వాటికి లైటు ఉన్నది, బుద్ధి లేదు. మీ అమ్మ కంపెనీ పంపిన ఆస్పత్రి బిల్లు ఒకటి తెరుస్తది, స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతది, ఆఫీసు సైటుకెళ్ళి మనిషి బయటికి పడ్తది.

నెట్ కంపెనీకి ఫోన్ చేసిన. "మీ వైఫై పేరు చెప్పండి" అన్నది ఆ పిల్ల. మీ నాయిన దానికి మీ తాత పేరు పెట్టిండాయె. పెనిమిటి పేరు నేను నోటితోని ఎన్నడు పలకలేదు. "మా ఇంటాయన పేరమ్మా" అన్న. ఆ పిల్ల చానాసేపు 'మా ఇంటాయన' కోసం వెతికి, ఆ పేరుతోని ఏ కనెక్షనూ లేదన్నది.

నవ్వకు. మీ అమ్మ పై ఆఫీసరు ఖరాఖండిగ చెప్పిండట. వచ్చే వారం శుక్రవారం దాకా చూస్తరట. ఇంటి నుంచి పని సాగకుంటె సుచిత్రల ఆఫీసుకు రావాలె, లేదంటె మానుకోవాలె. మీ నాయిన మాట నీకు ఎరుకే: "ఇంట్ల కూసోని చేస్తె సరే. రోజూ బస్సెక్కేటట్టయితె ఆ నౌకరే వద్దు." అంటె ఆ రెండు ప్లగ్గులు నిలబడితెనే మీ అమ్మ నౌకరి నిలబడ్తది. కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నీది. జల్దీ ఏదన్న చెప్పు.

నింద మోస్తున్న
నీ అవ్వ,
పార్వతీదేవి


సుచిత్ర,
బుధవారం

ప్రియమైన అవ్వా,

స్పీకర్ ఉన్నదని అమ్మ చెప్పొద్దా! సరే, తప్పైంది. పూర్తిగ కాదు, ముప్పావు తప్పు. అమ్మ ఈ పనిల చేరిన దినం నువ్వేమన్నవో గుర్తున్నదా? "వడ్ల గదిల వడ్లు లేకపాయె, కోడలన్న ఉండనీ" అన్నవు. నాకు గుర్తున్నది. అమ్మకు గూడ ఉండే ఉంటది.

ఇగ అసలు సంగతి. ఎవరూ ప్లగ్గు పీకలేదు. పాత ప్లగ్గులకు, కొత్త రౌటరుకు పొసగుతలేదు, అంతే. కొత్త రౌటరు రెండు రకాల సిగ్నలు ఇస్తది. ఒకదానికి వేగం ఎక్కువ, గోడ దాటడం చేతకాదు. ఇంకోదానికి వేగం తక్కువ, గోడలు దాటుతది. మన ప్లగ్గులకు ఈ రెండోదే తెలుసు. రౌటరేమో రెండిటికీ ఒక్కటే పేరు పెట్టుకొని, ఎవరికి ఏది ఇయ్యాల్నో తనే నిర్ణయిస్తది. పైగా దాని భద్రత కొత్త రకం, ప్లగ్గులు పుట్టినప్పుడు అది లేదు. బాపు "నాయిన పేరు తీయొద్దు, పాత పాస్‌వర్డే ఉంచు" అన్నడు గద? నేను అట్లనే పెట్టిన. పేరు అదే, పాస్‌వర్డ్ అదే ఉండేసరికి, ప్లగ్గులు ఇది పాత రౌటరే అనుకొని పోయి తలుపు కొట్టుకుంటున్నయ్. ఆ పచ్చలైటు వాటి ఆశ.

నేనే వస్తుంటి గని ఈ రెండు వారాలు ఆఫీసుల ఆడిట్ ఉన్నది. సెలవడిగితె నా నౌకరి గూడ అమ్మ నౌకరి లెక్కనే గాలిల వేలాడ్తది. అమ్మ లాప్‌టాప్‌ల రౌటరు సెట్టింగులు తెరువు. దాని పాస్‌వర్డ్ వేరే ఉంటది, ఈ కాయితం వెనుక రాసిన. అది నీకూ నాకూ తప్ప ఎవరికి తెల్వదు. లోపల 'స్మార్ట్ కనెక్ట్' అని ఉంటది, దాన్ని ఆపు. రెండు సిగ్నళ్ళు విడిపోతయ్. వేగం తక్కువదానికి వేరే పేరు పెట్టు, భద్రత దగ్గర పాత రకం ఎంచుకో. తర్వాత ప్లగ్గుల సన్న రంధ్రంల పిన్నీసు గుచ్చి, లైటు మిణుకుమిణుకుమనే దాకా పట్టుకో. అప్పుడు అవి పాతదంతా మరిచిపోతయ్. కొత్త పేరుతోని మళ్ళ కలుపు.

అవ్వా, కోపానికి రాకు, నిజంగ అడుగుతున్న. అమ్మ ఉద్యోగం నిలవాల్నని నీకు ఉన్నదా?

నీ దీప


రావల్కోల్,
గురువారం

ప్రియమైన దీపకు,

నీ ప్రశ్నకు జవాబు చివర రాస్త. పరీక్ష కాయితంల గూడ కష్టమైన ప్రశ్న చివరకే ఉంచుతరు.

పొద్దున నేనూ మీ అమ్మా లాప్‌టాప్ ముందట కూసున్నం. ఆ అక్షరాలు చీమలంత ఉన్నయ్, నా కండ్లకు ఆనలేదు. నీ కాయితం నేను చదివి చెప్పిన, శైలజ టైపు కొట్టింది. రెండు సిగ్నళ్ళు విడగొట్టేసరికి మీ నాయిన వచ్చిండు.

"వేరే పేరెందుకే అమ్మా? నాయిన పేరు తీసేస్తరా?"

"తీస్తలేము రా. వేగం ఎక్కువదానికి ఆయన పేరే ఉన్నది. రెండోదానికే కొత్త పేరు."

"రెండోదానికి తీసినా తీసినట్టే గద!"

అత్వెల్లి షాపుల దినమంతా కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టే మనిషికి, ఇంట్లకు రాంగనే వైరు చూస్తె నాయిన మీద భక్తి పుట్టుకొస్తది. నేను చెప్పిన: "రమేషూ, మీ నాయిన బతికున్నప్పుడు గూడ గింతే. ముందరింట్ల గట్టిగ ఉంటుండె, వెనుక గదికి ఎన్నడు రాకపోతుండె. ఆయన గుణం పోకుంట కొత్త డబ్బా కాపాడుతాంది. వెనుక గదికి పోయేదానికి నా పేరు పెడ్త. వేగం తక్కువ, గోడలు దాటుతది." వాడు బండి తీసిండు.

అట్ల ఇప్పుడు మనింట్ల గాలిల కుర్మయ్య ఉన్నడు, పార్వతి ఉన్నది. (పేరు రాస్తె దోషం లేదని నాకు నేనే తేల్చుకున్న. పలకను.) పిన్నీసు గుచ్చినం, రెండు ప్లగ్గులు మరిచిపోయి, మళ్ళ నేర్చుకున్నయ్. పొద్దుగూకే దాకా మీ అమ్మ స్క్రీన్ ఒక్కసారి గూడ ఆగలేదు. సంతోషపడ్తదనుకున్న. "మంచిది అత్తమ్మా" అని తలుపు దగ్గరికేసుకున్నది. శుక్రవారం ఇంకా ముందటనే ఉన్నది గనుక భయం పోలేదేమో.

ఇగ నీ ప్రశ్న. ఉన్నది. వడ్ల మాట నేనన్నదే, నవ్వుకుంట అన్న. నవ్వు కాయితం మీద కనవడదు గని, గా దినం నువ్వు నా ఎదురుంగనే ఉన్నవు. కనవడాల్సింది.

నీ పరీక్ష పాసైన
అవ్వ


సుచిత్ర,
బుధవారం

అవ్వా,

ప్రియమైన అని రాసేతందుకు చెయ్యి వస్తలేదు. అయినా రాస్తున్న, ప్రియమైన అవ్వా.

సోమవారం నుంచి మళ్ళ పోయిందట. అమ్మ డాబా ఎక్కి చెప్పింది. నిన్న ఆమె పై ఆఫీసరు మెయిల్ పెట్టిండు. సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చుడా, మానుకునుడా, శుక్రవారం సాయంత్రంలోగా జవాబియ్యాలె. బాపు "మానుకో" అన్నడట. అమ్మ గా మాట ఎంత నెమ్మదిగ చెప్పిందంటె, నాకు భయమైంది.

మీరు చేసింది సరిగ్గనే చేసిన్రు. నాలుగు దినాలు నడిచింది. నడిచినది దానంతటది చెడదు. ఆ సెట్టింగులు ఎవరో వెనుకకు తిప్పిన్రు. పాస్‌వర్డ్ నాకు తెలుసు, నేను సుచిత్రల ఉన్న. ఇంకెవరికి తెలుసో నువ్వే చెప్పు. బాపు అడిగితె ఇచ్చినవా? లేకుంటె నువ్వేనా? అవునో కాదో, ఒక్క ముక్కల రాయి. ఆడిట్ పోతె పోనీ, శనివారం నేనే వస్త.

దీప


రావల్కోల్,
శనివారం

ప్రియమైన దీపకు,

రాకు. నువ్వు బయలెల్లక ముందే అందాల్నని తెల్లారకముందే ఇది మల్లేష్‌కు ఇస్తున్న. ఆడిట్ చూసుకో. ఒక్క ముక్కల రాయమన్నవు, కాదు. మిగతా ముక్కలు గూడ చదువు.

నీ ఉత్తరం అందంగనే ఫోన్ తీసి చూసిన. వైఫై పేర్ల జాబితాల మీ తాత ఒక్కడే ఉన్నడు. నా పేరు లేదు. మొదలు నా కొడుకునే అనుమానించిన. అన్నం కాడ అడిగిన, "రౌటరు పాస్‌వర్డ్ ఏంది రా?" అని. "నాయిన పుట్టిన సంవత్సరం" అన్నడు, నీళ్ళు తాగుకుంట. అది వైఫైది. సెట్టింగులకు ఇంకో పాస్‌వర్డ్ ఉన్నదనే వానికి తెల్వదు.

గప్పుడు యాదికొచ్చింది. ఆ పాస్‌వర్డ్ నేను చదివిన, టైపు కొట్టింది వేరే వేళ్ళు. వడ్ల గదికి పోయిన.

"శైలజా, నా పేరు ఎటు పోయింది?"

స్క్రీన్ మీదికెళ్ళి కండ్లు తీయకుంటనే అన్నది: "నేనే తీసిన అత్తమ్మా."

కుర్చీ లేదు, పాత గోతం మీద కూసున్న.

"మొదటి వారం నిజంగనే చెడింది" అన్నది. "ఆఫీసుకు రమ్మంటమని సారు అనంగనే నాకు పాణం లేచొచ్చింది. అక్కడ ఆడోళ్ళందరు ఒక్క బల్ల మీద కూసోని తింటరట, ఒకరి కూర ఒకరు గుంజుకుంటరట. నేను గీ గోడను చూసుకుంట తింటున్న. మీరొచ్చి బాగు చేసిన్రు. నాలుగు దినాలు ఓర్సుకున్న, సోమవారం రెండు సిగ్నళ్ళు మళ్ళ కలిపేసిన."

"అడగొచ్చు గద?"

"అడిగితె ఆయన వద్దంటడు. నెట్టే లేకుంటె అడిగే పనే లేదు. కంపెనీ రమ్మన్నది, పోక తప్పదంట. జీతం యాదికొచ్చి ఒప్పుకుంటడనుకున్న."

"వాడు మానుకోమన్నడు."

"అన్నడు." లాప్‌టాప్ మూసింది. "నౌకరి పోతె పోయె, గీ గదిలకెళ్ళైతె బయట పడ్త గద అత్తమ్మా."

"మరి నా మీద పడ్డ నింద?"

"మీరు తట్టుకుంటరని..."

దీపా, ఈ మాటకు కోపం రావాలె. వచ్చింది గూడ. గని ఇన్నేండ్ల కాపురంల మీ అమ్మ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. వాపసు ఇయ్యబుద్ధి కాలేదు.

నేనన్న: "డబ్బా చాటున నిలబడి అడిగితె, డబ్బా బాగైన నాడు జవాబు మారుతది. మొదలు నెట్ బాగు చేద్దాం. తర్వాత నువ్వు నోటితోని అడుగు. నేను పక్కన కూసుంట, మాట్లాడను." శుక్రవారం సాయంత్రానికి ఒక్క దినమే ఉన్నది. వాడు అప్పుడు గూడ వద్దంటె, ఇగ కంపెనీ పేరు చెప్పుకునేతందుకు గూడ ఏమీ మిగలదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పిన్నీసు తనే తెచ్చింది.

నిన్న మీ నాయిన పగటి బువ్వకు వచ్చిండు. నెట్ నిండుగ వస్తాంది. శైలజ అన్నం పెట్టి, నిలబడే అడిగింది.

"నెట్ బాగైంది. అయినా సోమవారం నుంచి నేను ఆఫీసుకు పోత."

"బాగైనంక పోవుడెందుకు?"

"నాకు పోవాల్నని ఉన్నది."

మీ నాయిన నా దిక్కు చూసిండు. నేను చారుల కరివేపాకు ఏరుకుంటున్న. మాట్లాడనని మాటిచ్చిన, గా కరివేపాకు లేకుంటె తప్పిపోతుంటి.

"ఇంట్ల పని?"

"పొద్దున చేసిపోత. మిగిలింది మీరు చెయ్యిన్రి."

"నేనా?"

"మోటరుకు తీగ చుట్టెటోళ్ళకు బియ్యం కడుగుడు రాదా?"

నేను ఇన్నేండ్లు ఇంట్ల పెట్టుకున్నది ఎవరిని బిడ్డా! వాడు పెరుగు పోసుకోకుంటనే లేచి చెయ్యి కడుక్కున్నడు. చెప్పులేసుకొని గడప దాటిండు. శైలజ కంచం తీయలేదు, అట్లనే నిలబడ్డది. బండి స్టార్టయింది, ఆగింది. బయటికెళ్ళి గొంతు వినవడ్డది.

"మేడ్చల్ల బస్సు ఎన్నింటికి?"

శైలజ చెప్పింది. చెప్పిన చానాసేపటికి బండి పోయింది. సాయంత్రం ఆమె కంపెనీకి 'వస్తున్న' అని జవాబు పెట్టింది, వడ్ల గదిలకెళ్ళే, మధ్యల ఒక్కసారి గూడ తెగకుంట. మీ నాయిన నాతోని ఇంకా మాట్లాడ్తలేడు. మేడ్చల్ దాకా బండి మీద దింపుతనని ఆమెతోని అన్నడట. ఒప్పుకున్న అనే మాట మాత్రం నోట్లకెళ్ళి రాలేదు, వస్తదని నేను గూడ ఎదురుచూస్తలేను.

ఇగ నీకు పని. సుచిత్ర చౌరస్త కాడ స్టీలు సామాన్ల దుకాణంల టిఫిన్ డబ్బా కొను. మూడు గిన్నెలది, ఒక గిన్నె పెద్దగ ఉండాలె, పదిమంది గుంజుకుంటరు గనుక. దుకాణంలనే నీళ్ళు పోయించి, మూత బిగించి, తలకిందులు చేసి చూడు. చుక్క కారినా తీసుకోకు. దుకాణపాయన మొకం చిట్లిస్తె చిట్లించనీ. ఆదివారం ఆటో ఖాళీగ వాపసు వస్తది, మల్లేష్ చేతికిచ్చి పంపు. ప్లాస్టిక్‌ది తెచ్చినవంటె నీ తలకాయ మీద పెట్టుకో.

నీ అవ్వ,
పార్వతీదేవి