కొండ మీద రాతిపువ్వు

బ్లాక్‌టౌన్, సిడ్నీ

నాయనమ్మకు, నేను క్షేమం. నా కోపమూ క్షేమమే.

నాలుగు రోజుల కిందట నా రూమ్మేట్ వంశీధర్‌తో మంచుకొండ ఎక్కాను. పైన బండల నిండా బూడిదరంగు రేకులు, అచ్చం నువ్వు చేటలో ఏరే రాతిపువ్వులాగే. వాడు గీకబోయాడు. "తియ్యరా చెయ్యి! అరచేతంత కావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, కొండ కింద ఇచ్చిన కరపత్రంలో చదివాను" అని అందరి ముందూ అరిచాను.

"మీ నాయనమ్మ మసాలాలోది ఏ ఫ్యాక్టరీలో చేశార్రా?" అన్నాడు. దానికి వాణ్ణి ఇంకా తిట్టాను. అప్పటినుంచీ మా మధ్య మాటల్లేవు.

నువ్వు మసాలా కూరకు దాన్ని నూనెలో వేయగానే వీధిగుమ్మం దాకా వచ్చే వాసన తలపుకొస్తూనే ఉంది. అది వేయకుండా ఆ కూర ఎలా వండాలో రాయి, వాడికి వండిపెట్టి క్షమించమంటాను. మోకాలు ఎలా ఉంది? చెల్లి అక్షరకు ఆశీస్సులు.

అది లేకుండా కుదరదంటే నిజమే రాయి. వాడే గెలిచాడని ఒప్పుకుంటాను.

నీ పాదాలకు దణ్ణం.
అచ్యుత్